ఓడ పట్టికలలో పూర్వికుల పేర్లు

మన దేశమున వంశచరిత్ర యనగానే రాజుల వంశావళులు జ్ఞప్తికి వచ్చును. దానశాసనములలో తాతముత్తాతల పేర్లతో కీర్తింపబడినవారు రాజులును సామంతులును. కావ్యముల అవతారికలలో తరతరముల వర్ణన గలవారు కృతిభర్తలు. సామాన్య సంసారికి మిగిలినవి శ్రాద్ధదినమున చెప్పుకొను మూడు పేర్లే: తండ్రి, తాత, ముత్తాత. ఆపైని అంతయు చీకటి. తద్దినము పెట్టు ఆచారము లేని ఇండ్లలో ఆ మూడు పేర్లును నిలువవు.

ఇట్లుండగా, పొలములో కూలి చేసినవారి పేర్లు, వారి తండ్రుల పేర్లు, ఊరు, తాలూకా, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చలతో సహా లక్షలకొలదిగా వ్రాసియుంచిన పుస్తకములు కలవన్నచో శ్రోతలకు ఆశ్చర్యము కలుగవచ్చును. అవి మన గ్రామ కచ్చేరీలలో లేవు. సముద్రముల కావల దక్షిణాఫ్రికాలోను, మారిషస్ ద్వీపములోను, ఫిజీలోను ఉన్నవి. చెరకుతోటలలో పనిచేయుటకై ఒడంబడిక మీద ఓడలెక్కిపోయిన మనవారి పట్టికలవి. ఇటీవలి కాలమున వానిలో పెక్కు కంప్యూటరున కెక్కినవి. కొన్ని అంతర్జాలము ద్వారా ఎల్లరకును అందుబాటులోనికి వచ్చినవి. ఆ పట్టికలను ఎట్లు చదువవలెనో, చదివినచో ఏమి తెలియునో, ఏమి తెలియదో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసతనమును రద్దుచేయు చట్టము 1833లో ఆమోదింపబడెను. బానిసల శ్రమపై నిలిచిన చెరకుతోటల యజమానులు అంతట కూలీలకై మన దేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన ‘అట్లాస్’ అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను మారిషస్‌నకు చేర్చెను. అది మొదలు ఆ ద్వీపమునకు ఒడంబడిక మీద పోయిన భారతీయుల సంఖ్య సుమారు నాలుగున్నర లక్షలకు పెరిగెను. 1860 అక్టోబరు 12వ తేదీన చెన్నపట్టణపు రేవు విడిచిన ‘ట్రూరో’ అను ఓడ నవంబరు 16వ తేదీన దర్బను చేరెను. అందు 342 మంది ఉండిరి. 1911లో ఈ వలస ఆగువరకు నేటాలునకు పోయినవారు 1,52,184 మంది. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు చెన్నపట్టణము మీదుగా పోయినవారే. ఫిజీకి 1879 నుండి 1916 వరకు అరువది వేలకు పైగా జనము పోయిరి. 1903 నుండి అచ్చటికి చెన్నపట్టణపు ఓడలును నడచినవి.

చెన్నపట్టణము మీదుగా పోయినవారనగా అందరును తమిళులు కారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో అనేకులు. మారిషస్‌లో తెలుగువానికి ‘కోరింగీ’ అని పేరు వచ్చినది. గోదావరి ముఖమున గల మన కోరంగి రేవే ఆ పేరునకు మూలము. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును పాడుచేసెను. రేవు పోయినను పేరు ద్వీపాంతరమున నిలిచినది.

ఈ పట్టికలను ప్రేమతో ఎవ్వరును వ్రాయలేదు. కూలీకి నెలకు నేటాలులో మొదట ఇచ్చిన జీతము పది షిల్లింగులు. సాధారణముగా ఐదేండ్లు ఒక్క యజమానుని తోటలోనే పనిచేయవలెను. అనుమతి లేక తోట విడిచిపోయినచో శిక్ష. పారిపోయినవానిని పట్టుకొనుటకు ఆనవాళ్లు కావలెను గనుక నొసటి మచ్చయు, మోకాలి గాయపు చారయు, ఎత్తు ఎన్ని అడుగులో ఎన్ని అంగుళములో వ్రాసిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య నిచ్చిరి. తోటలో, ఆసుపత్రిలో, న్యాయస్థానములో ఆ మనిషి ఆ సంఖ్యచేతనే వ్యవహరింపబడెను. మారిషస్‌లో 1860 తరువాతి దశాబ్దములో కూలీల ఛాయాచిత్రములు కూడ తీయించి పత్రములకు అంటించిరి. మనిషిని కట్టివేయుటకు చేసిన ఈ ఏర్పాటే, నూటయేబది ఏండ్లు గడచిన పిదప, ఆ మనిషిని వెదకు మునిమనుమలకు ఆధారమైనది.

ఇందు మరియొక విశేషము గలదు. మన ఇండ్లలో వ్రాసికొన్న వంశవృక్షములలో స్త్రీల పేర్లు అరుదు. ఎవరికి ఎందరు కుమారులో వ్రాయుదురు గాని, ఆ కుమారులను కన్నతల్లి పేరు వ్రాయరు. ఓడ పట్టికలో అట్లు కాదు. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలైన ఉండవలెనను నిబంధన తరువాతి కాలమున అమలులో నుండెను. భర్తతో పోయినదైనను, ఒంటరిగా పోయినదైనను ఆమెకు వేరుగా ఒక వరుస, ఒక సంఖ్య, ఒక పేరు, ఒక ఊరు కలవు. ముత్తవ్వ పుట్టిన ఊరు తెలిసికొనుటకు తగిన వ్రాత మన దేశమున నిలిచినవారి కంటె, దేశము విడిచిపోయినవారి సంతతికే ఎక్కువగా నున్నది.

ఇక వెదకువిధానము. విదేశములలోని తెలుగు కుటుంబము మొట్టమొదట వెదకవలసినది ఓడ పట్టిక కాదు, ఇంటిలోని పెట్టె. పెద్దల వివాహపత్రము, జనన మరణ పత్రములు, ఒడంబడిక తీరినప్పుడు ఇచ్చిన విడుదల పత్రము, వీనిలో ఎచ్చటనో ఆ సంఖ్య ఉండవచ్చును. సంఖ్య దొరికినచో పని సగమైనట్లే. నేటాలు ఓడ పట్టికలను దర్బనులోని విశ్వవిద్యాలయ పరిశోధకులు అనేక సంవత్సరములు శ్రమించి కంప్యూటరున కెక్కించిరి. అచ్చటి గాంధీ-లుథూలి పత్రకేంద్రము వానిని అంతర్జాలమున ఉచితముగా ఉంచినది. మారిషస్ పత్రములు మోకా పట్టణమున, 1970లో నెలకొల్పబడిన మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడినవి. ఫిజీ పత్రములు సువా నగరపు జాతీయ పత్రాగారములో నున్నవి. యునెస్కో సంస్థ ఫిజీ మొదలైన దేశముల ఒడంబడిక పత్రములను 2011లోను, మారిషస్ పత్రములను 2015లోను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది.

సంఖ్య లేనప్పుడు పేరునుబట్టి వెదకవలసి వచ్చును. చిక్కులు అచ్చటనే ఆరంభమగును. వ్రాసిన గుమాస్తాకు తెలుగు రాదు. చెప్పిన కూలీకి ఇంగ్లీషు రాదు. ‘ల’కును ‘ళ’కును ఇంగ్లీషు లిపిలో భేదము లేదు. దీర్ఘమేదో హ్రస్వమేదో తెలియదు. ఒకే వెంకటస్వామి నాలుగు ఓడలలో నాలుగు విధములుగా కనబడును. కావున ఒక్క వ్రాతరీతిని పట్టుకొని యంత్రమున వెదకి, లేదని నిరాశపడరాదు. పేరును పైకి చదివి, మన పల్లెలో పిలుచునట్లు పలికి చూడవలెను. అక్షరములు చెప్పని సంగతి కొన్నిసార్లు చెవి చెప్పును.

అంతకంటె ముఖ్యమైనది ఇంటిపేరు. మన ఆచారమున ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. ఓడ పట్టికలో ఇంటిపేరునకు గడి లేదు. కూలీ పేరొకటి, తండ్రి పేరొకటి వ్రాసి ఊరుకొనిరి. ఆ విధముగా వేలకొలది ఇంటిపేర్లు రేవులోనే నిలిచిపోయినవి. తరువాతి తరములలో తాత పెట్టినపేరే కుటుంబనామ మయ్యెను. కొందరికి నాయుడు, రెడ్డి అను బిరుదులే కుటుంబనామములైనవి. కావున దర్బనులో ఇద్దరు నాయుళ్లు కనబడినంతమాత్రమున వారు దాయాదులని తలపరాదు.

అయినను మన పేర్లకు ఒక గుణము కలదు. అవి క్షేత్రములను పట్టుకొని యుండును. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనర్సమ్మ అను పేర్లు వినగానే సింహాచలము, ఆ చుట్టుపట్ల విశాఖ సీమ స్ఫురించును. పైడితల్లి, పైడయ్య అన్నచో విజయనగరము వైపు చూడవలెను. పెంచలయ్య అన్నచో నెల్లూరు జిల్లాలోని పెంచలకోన నరసింహస్వామి. ఓబులేసు, ఓబుళమ్మ అన్నచో అహోబిలము, రాయలసీమ. కోటయ్య అన్నచో పలనాటి కోటప్పకొండ. ఇవి సాక్ష్యములు కావు. దారి చూపు గురుతులు మాత్రమే. మారిషస్‌లోని తెలుగువారు నేటికిని సింహాద్రి అప్పన్నను కొలుచుచుండుట చూచినచో, వారి పూర్వికులలో పలువురు ఏ సీమవారో ఊహించుట కష్టము కాదు. ఊరిపేరు చెరిగిపోయిన వరుసలో మనిషి పేరే ఒక్కొక్కప్పుడు దిక్కును సూచించును.

తరువాతిది స్థలనిర్ణయము. పట్టికలో జిల్లా, తాలూకా, గ్రామము అను మూడు గడులు సాధారణముగా ఉండును. మూడును కలిసి చదువవలెను. కొత్తపల్లె, కొత్తూరు, రామాపురము లేని తాలూకా మన దేశమున లేదు. ఇంగ్లీషువారి పలుకుబడి కూడ తెలిసియుండవలెను. వారు శ్రీకాకుళమును చికాకోల్ అనిరి. భీమునిపట్టణమును బిమ్లీపటాము అనిరి. కాకినాడను కోకనాడ అనిరి. ఏలూరును ఎల్లోర్ అనిరి. అన్నిటికంటె పెద్ద చిక్కు జిల్లాల ఎల్లలు మారుట. పట్టికలో ‘ఉత్తర ఆర్కాటు’ అని యుండుట చూచి పలువురు తమిళదేశమున వెదకుదురు. కాని చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు 1911 ఏప్రిలు వరకు ఉత్తర ఆర్కాటులోనివే. ఆ ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడినది. ‘విశాఖపట్టణము’ అని యున్నచో ఆ ఊరు ఈనాడు విజయనగరము జిల్లాలో నుండవచ్చును. ఆ జిల్లా 1979లో పుట్టినది. ‘గంజాము’ అని యున్నచో ఆ ఊరు ఒడిశాలోనిదైనను కావచ్చును, శ్రీకాకుళము జిల్లాలోనిదైనను కావచ్చును. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు గంజాము విభజింపబడినది. 2022 ఏప్రిలు 4వ తేదీన ఆంధ్రప్రదేశమునందలి 13 జిల్లాలు 26 జిల్లాలుగా ఏర్పడినవి. కావున ఓడ ఏ సంవత్సరమున బయలుదేరినదో ఆ సంవత్సరపు జిల్లా పటమును ముందుంచుకొని ఊరిని వెదకవలెను.

ఒక వరుసను ఊహించి చూతము. పేరు పెంచలయ్య, తండ్రి పేరు రామయ్య, జిల్లా నెల్లూరు, తాలూకా రాపూరు, ఊరిపేరు సరిగా చదువుటకు వీలులేదు. అంతటితో విడువక, ఆ వరుసకు పైనను క్రిందను ఉన్న పది వరుసలను చూడవలెను. కూలీలు ఒక్కరొక్కరుగా కాక, ఒక ఊరివారు కొందరు కలిసి మేస్త్రీ వెంట చెన్నపట్టణపు శిబిరమునకు వచ్చినచో, వారి సంఖ్యలు పట్టికలో ఒకదాని వెంట ఒకటి పడుట కలదు. పై వరుసలో అదే తాలూకాకు చెందిన ఊరిపేరు స్పష్టముగా నున్నచో, రెంటిని పోల్చవచ్చును. క్రింది వరుసలోని స్త్రీకి భర్త పేరు పెంచలయ్య అని యున్నచో, ఆమె ఊరు ఈతని అత్తవారి ఊరు కావచ్చును. ఒక్క వరుసను మాత్రమే వ్రాసికొని పోయినవాడు సగము చదివినవాడు.

ఊరు తెలిసిన పిదప మన దేశపు వ్రాతల అవసరము వచ్చును. ఇచ్చట ఏమున్నవి? కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సహాయముతో, 18వ శతాబ్ది చివరను 19వ శతాబ్ది తొలిభాగమునను సేకరించిన గ్రామ కైఫీయత్తులు కలవు. వానిని 1821లో మెకంజీ మరణించిన తరువాత సి.పి. బ్రౌను దొర నకళ్లు వ్రాయించెను. చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున అవి యున్నవి. కడపలోని బ్రౌను పరిశోధన కేంద్రము ఆ జిల్లా కైఫీయత్తులను అచ్చొత్తించినది. ఊరు ఎట్లు పుట్టినదో, చెరువు ఎవరు త్రవ్వించిరో, కరణీకము ఎవరిదో అవి చెప్పును. 1858లో నియమింపబడిన ఈనాము కమీషను వ్రాయించిన రిజిస్టర్లు కలవు. ఈనాము ఎవరిచ్చిరి, ఎవరు పొందిరి, అప్పటి అనుభవదారు ఎవరు, ఆతని వయస్సెంత అను సంగతులు వానిలో నుండును. తరువాతివి భూమి సెటిల్‌మెంటు రిజిస్టర్లు. నిజాము రాజ్యమునకు సంబంధించిన దస్తరములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రాగారములో నున్నవి.

అయితే శ్రోతలు ఒక్క సంగతి గమనింపవలెను. ఇవి యన్నియు భూమి గలవారి పుస్తకములు. భూమిలేక, పని లేక, కరవు కాలమున ఓడ ఎక్కిన పెంచలయ్య పేరు వీనిలో నుండుట అరుదు. తలారి, వెట్టి మొదలైన గ్రామసేవల వారికి మాన్యము ఉన్నచో పేరు కనబడవచ్చును. లేనిచో అదియును లేదు. పుట్టిపెరిగిన ఊరిలో ఏ పుస్తకమునను పేరు లేనివాడు, ఊరు విడిచిన దినమున మొదటిసారి వ్రాతకెక్కినాడు. పేదవాని చరిత్రను గూర్చి ఈ పట్టికలు చెప్పు కఠిన సత్యమిది. అట్టివానికి ఊరిలో మిగిలియున్న ఆధారము కాగితము కాదు, మనుష్యుల జ్ఞాపకము. “మా ముత్తాత తమ్ముడొకడు దేశాంతరము పోయి తిరిగి రాలేదు” అను ఒక్క మాట ఏ ముసలమ్మ నోటనో నిలిచియున్నచో, అది ఓడ పట్టికలోని వరుసకు రెండవ సగము.

బర్మా సంగతి చూచినచో ఈ మాట మరింత స్పష్టమగును. కాకినాడ, విశాఖ రేవులనుండి రంగూనునకు కూలికై పోయిన తెలుగువారు అనేకులు. వారు ఒడంబడిక కూలీలు కారు. టిక్కెట్టు కొనుక్కొని ఓడ పైతట్టున కూర్చుండి పోయిరి. కొందరు ఏటేట వచ్చి పోయిరి. కట్టడి తక్కువ గనుక వ్రాతయును తక్కువ. నేటాలు పట్టికల వంటివి వారికి లేవు. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడిన పిదప, అడవులును కొండలును దాటి నడచి వచ్చినవారి కథలు ఇండ్లలో చెప్పుకొనగా నిలిచినవే. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు అను పేరు ఆ రాకపోకలకు గుర్తుగా మిగిలినది. ఎక్కువ కట్టడి గలవానికి ఎక్కువ వ్రాత, తక్కువ కట్టడి గలవానికి తక్కువ వ్రాత. కావున బర్మానుండి వచ్చిన కుటుంబములు అంతర్జాలముపై ఆశ పెట్టుకొనుటకంటె, తమ పెద్దలు చెప్పిన మాటలను వెంటనే వ్రాసికొనుట మేలు.

పరిశోధన చేయువారికి కొన్ని హెచ్చరికలు కూడ అవసరము. పేరు ఒక్కటి కలిసినంత మాత్రమున తాత దొరికినాడనుకొనరాదు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ, సంఖ్య, వీనిలో మూడైనను కలియవలెను. అంతర్జాలములో ఒకరు వ్రాసిన వంశవృక్షమును మరియొకరు నకలు చేయుదురు. పదిమంది వ్రాసినదని అది పది సాక్ష్యములు కాదు, ఒక్క సాక్ష్యమే. కులము గడిలోని మాటను కూడ జాగ్రత్తగా చదువవలెను. కూలీలను పోగుచేయువారు ఏ కులమువారిని కోరుదురో తెలిసి, కొందరు వేరు కులము చెప్పుకొనిరి. కొందరికి గుమాస్తా తనకు తోచినది వ్రాసెను. మా పూర్వికుడు జమీందారు బిడ్డ, మోసపోయి ఓడ ఎక్కినాడు అను కథలు అనేక కుటుంబములలో నున్నవి. మోసపోయినవారు నిజముగానే కలరు. కాని పట్టికలో ఆతడు కూలివాని కొడుకని తేలినప్పుడు సిగ్గుపడవలసినది లేదు. పది షిల్లింగుల జీతము మీద పిల్లలను పెంచి, పరభాషల నడుమ ఉగాదిని నిలిపినవాడు ఏ జమీందారునకును తీసిపోడు. ఈనాడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినము. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ 1931లో స్థాపితమైనది. ఇవి ఆ కూలీల సంతతి చేసిన పనులు.

ఈ వెదకులాట కేవలము కుతూహలము కొరకు కాదు. 2024 మార్చిలో మన రాష్ట్రపతి మారిషస్ వెళ్లినప్పుడు, అచ్చటి భారతీయ సంతతివారు ఏడవ తరము వరకు విదేశీ భారత పౌరసత్వపు కార్డునకు అర్హులగుదురని ప్రకటించిరి. ఆ హక్కును కోరువారు పూర్వికుడు భారతీయుడని ఋజువు చూపవలెను. అప్పుడు పాత పత్రములోని ఒక్క వరుస చట్టపు విలువను పొందును. అంతకంటె పెద్దది మనస్సునకు సంబంధించిన విలువ. నాలుగు తరములు సంఖ్యగా మాత్రమే తెలిసినవానికి పేరు దొరకుట, ఊరు దొరకుట సామాన్యము కాదు.

ఇందు మన శ్రోతలు చేయవలసిన పని యొకటి కలదు. విదేశమునుండి వచ్చినవారు ఒక చిన్న కాగితముపై తప్పుగా వ్రాసిన ఊరిపేరు పట్టుకొని మన పల్లెలలో దారి అడుగుచున్నారు. 1984లో కరణీకములు రద్దయిన పిదప ఊరి సంగతులు వంశక్రమముగా తెలిసిన మనిషి అనేక గ్రామములలో లేకుండ పోయెను. కావున ఇంటింటను ఒక పుస్తకము ఉండవలెనని మా మనవి. అందు పెద్దలను అడిగి ఇంటిపేరుతో సహా పేర్లు వ్రాయవలెను. కోడండ్ర పుట్టినిండ్ల పేర్లు వ్రాయవలెను. ఊరు విడిచిపోయినవారిని గూర్చి విన్నది విన్నట్లు వ్రాసి, చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని చేర్చవలెను. పాత దస్తావేజులు, శిస్తు రసీదులు, మనియార్డరు రసీదులు, దూరదేశపు ముద్ర గల కవర్లు చెదలపాలు కానీయరాదు. వానికి ఛాయాచిత్రములు తీసి దాచుట నేడు తేలిక.

ఓడ పట్టికలు దర్బనులోను మోకాలోను భద్రముగానే యున్నవి. వానికి జత కావలసిన మాటలు మన ఇండ్లలోని ఎనుబది, తొంబది ఏండ్ల వృద్ధుల నోట నున్నవి. ఈ వారమే ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండి, కాగితము కలము పట్టుకొని అడిగి వ్రాసికొనుడు.